రెండో ఏడాది ఏమవుతుంది?

పల్లె బతుకును ఆటగా మలిచిన వీడియో గేమ్‌లు మొదటి గంటలో అన్నీ ముచ్చటగానే ఉంటాయి. పాడుబడ్డ ఇల్లు, కంపచెట్లు అల్లుకున్న చేను, చేతిలో ఒక గొడ్డలి, గుప్పెడు విత్తనాలు. కంప కొట్టి, నేల గుల్ల చేసి, నీళ్ళు పోస్తే నాలుగు రోజులకే పంట చేతికొస్తుంది. వెనక సన్నగా సంగీతం. పని నుంచి ఇంటికొచ్చి ఫోన్ పట్టుకున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి? కానీ కొన్ని ఆటల్లో ఆ హాయి వారం తిరగకముందే ఆవిరైపోతుంది. కొన్నిటిలో మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. ఈ తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి నేను ఒకే ప్రశ్న వేస్తాను: ఈ ఆటలో రెండో ఏడాది ఏమవుతుంది?

ఒకవైపు గోదావరి, మిగతా వైపుల అభయారణ్యం ఉన్న మా ఏటూరునాగారంలో ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. అడవి కొట్టి కాల్చిన పోడు చేనులో ఆ బూడిద బలానికి తొలి పంట ఎవరికైనా పండుతుంది. ఆ బలం తగ్గుతూ వచ్చే ఏళ్ళలోనే సేద్యం మొదలవుతుంది. అందుకే పాతరోజుల్లో కొన్నేళ్ళు పండించిన పోడును వదిలేసి, అడవి మళ్ళీ ఎదిగేదాకా దాని జోలికి పోయేవారు కాదు. నిరుడు మనం చేసిన పని ఈ ఏడు మనకు ఎదురొస్తే ఆ ఆటలో లోతు ఉన్నట్టు. ఎన్ని రకాల పంటలున్నాయి, ఎన్ని రంగుల కోళ్ళున్నాయి అన్న లెక్కతో దానికి సంబంధం లేదు.

2009 జూన్‌లో ఫేస్‌బుక్ మీద వచ్చిన ఫార్మ్‌విల్ మనలో చాలామందికి తెరమీద తొలి చేను. అందులో పంటలకు, చెట్లకు, అలంకరణలకు కొదవ లేదు. కానీ ఏ మడిలో ఏం వేసినా, ఎన్నిసార్లు వేసినా నేల అలాగే ఉండేది. వేళకు రాకపోతే పంట వాడిపోతుందన్న భయమే మనల్ని మళ్ళీ మళ్ళీ రప్పించేది. ఫ్లాష్ సాంకేతికతకు కాలం చెల్లడంతో 2020 డిసెంబర్ 31న ఆ ఆట మూతపడింది. 2012లో వచ్చిన హే డే కాస్త దయగలది, అందులో పంట వాడదు. ఉన్నదల్లా ఎదురుచూపే. గడియారం తిరిగేదాకా ఆగాలి, లేదంటే వజ్రాలు ఖర్చుపెట్టాలి. రెండూ అలవాటును పెంచాయి తప్ప ఆటగాడికీ నేలకూ మధ్య బంధాన్ని పెంచలేదు.

ఈ తరహా ఆటలకు ఆద్యుడు యాసుహిరో వాడా. జపాన్‌లో మియాజాకి ప్రాంతపు పల్లెపట్టున పెరిగి, టోక్యో చేరాక, వదిలొచ్చిన ఊరి విలువ ఆయనకు తెలిసొచ్చింది. కొట్లాట లేని ఆట ఒకటి చేయాలని పూనుకుని 1996లో సూపర్ ఫామికామ్ అనే ఆటల యంత్రం కోసం ‘బొకుజో మోనోగతారి’ తెచ్చారు. బయటి దేశాల్లో అది హార్వెస్ట్ మూన్ పేరుతో వెళ్ళింది. ఆ ఆట ఆడుతూ పెరిగిన అమెరికా కుర్రాడు ఎరిక్ బరోన్ దాదాపు నాలుగున్నరేళ్ళు ఒంటరిగా కూర్చుని కోడ్, బొమ్మలు, సంగీతం, సంభాషణలు అన్నీ తనే సమకూర్చి, 2016 ఫిబ్రవరి 26న స్టార్‌డ్యూ వ్యాలీని విడుదల చేశాడు. 2024 చివరికి దాని అమ్మకాలు 4 కోట్ల ప్రతులు దాటాయి.

స్టార్‌డ్యూలో రుతువుకు 28 రోజులు. ఒక్కో రోజు మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. వసంతంలో వేసిన పంట కోయకుండానే వేసవి వచ్చిందా, చాలావరకు ఎండిపోతుంది. ఊళ్ళో పాడుబడ్డ సామాజిక భవనాన్ని బాగుచేయాలంటే ఏ రుతువు పంట ఆ రుతువులో పండించి అప్పగించాలి. ఒకటి మరిచిపోతే చాలావరకు మళ్ళీ ఆ రుతువు దాకా ఆగాల్సిందే. ఊరి ఉత్తరాన గుడారం వేసుకుని, అడవిలో దొరికింది తిని బతికే లైనస్ అనే మనిషి ఉంటాడు. అతని దగ్గరికి పదేపదే వెళ్తే తప్ప మనసు విప్పడు. మూడో ఏడు మొదలైన రోజున, చనిపోయిన తాత వచ్చి ఇన్నాళ్ళూ నువ్వు ఏం చేశావో చూసి తీర్పు చెబుతాడు. అంటే మనుషులు, కాలం అన్నీ గుర్తుపెట్టుకుంటారు. గుర్తుపెట్టుకోనిది నేల ఒక్కటే. ఒకే మడిలో ఏటేటా అదే పంట వేసినా దాని సారం పిసరంత తగ్గదు. నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు అమర్చుకున్నాక రైతుకు విత్తడం, కోయడం తప్ప చేనుతో పని పడదు. స్టార్‌డ్యూ నాకెంతో ఇష్టమైన ఆట. అయినా ఆ చోట వెలితి తెలుస్తూనే ఉంటుంది.

ఆ వెలితిని పూడ్చిన ఆటలు కొన్ని ఉన్నాయి. ఫార్తెస్ట్ ఫ్రాంటియర్ 2022లో తొలిరూపంలో బయటికొచ్చింది. అందులో ప్రతి పొలానికీ మూడేళ్ళ పంటల పట్టిక ముందే రాసుకోవాలి. నేలలో ఇసుక ఎంత, బంకమట్టి ఎంత, రాళ్ళెన్ని, కలుపెంత అన్నది ఒక్కో పొలానికి ఒక్కో తీరు. ఒకే జాతి పంటను వరసగా వేస్తే తెగుళ్ళు పేరుకుంటాయి. మధ్యలో పచ్చిరొట్ట వేస్తే సారం తిరిగొస్తుంది. వింటేజ్ స్టోరీలో నేలకు నత్రజని, భాస్వరం, పొటాష్ విడివిడిగా లెక్క ఉంటాయి. ఒక పంట ఒకదాన్ని పీల్చుకుంటే వచ్చే పంట ఇంకోదాన్ని వాడుకునేలా మార్చి వేసుకోవాలి. ఇది చదివి గోదావరి ఒడ్డున మిర్చి వేసే రైతులు తలూపుతారు. మిర్చి మీద మిర్చి వేస్తే ఎండు తెగులు, వేరుకుళ్ళు నేలలోనే కాపురం పెడతాయని వాళ్ళకు అనుభవం. పంట మార్చి వేసినవాడి చేను మరుసటేడు ఎలా ఉంటుందో గట్టు మీద నిలబడితే చాలు, తెలుస్తుంది.

ఇన్ని ఆటల్లోకీ నేలను, పంటను, తిండిని, మనిషిని ఒకే తాడుకు గట్టిగా కట్టింది సకునా: ఆఫ్ రైస్ అండ్ రూయిన్. జపాన్‌లో ఎడెల్‌వైస్ అనే చిన్న బృందం, ప్రధానంగా ఇద్దరు మనుషులు, ఏళ్ళ తరబడి కష్టపడి 2020 నవంబర్‌లో తెచ్చారు. కథానాయిక సకునా పంటల దేవత. ఆమె బలం ఆమె పండించిన వడ్ల నుంచే రావాలి. ఉప్పునీళ్ళలో విత్తనాలు పోసి తేలిన తాలు తీసేయడం దగ్గర్నుంచి నారు పోయడం, దుక్కి, నాటు, నీటి మట్టం, కలుపు, మధ్యలో నీళ్ళు తీసి పొలం ఆరగట్టడం, కోత, పనలు ఆరబెట్టడం, నూర్పిడి, దంపుడు వరకు ఏదీ వదల్లేదు. ఏటా దిగుబడి, రుచి, గట్టిదనం, జిగట, రూపు, వాసన విడివిడిగా పెరుగుతాయి, లేదా పెరగవు. రాత్రి ఏం వండుకుని తిన్నదన్న దాన్ని బట్టి మర్నాడు ఆమెకు సత్తువ. ఆట బయటికొచ్చిన కొత్తలో జపాన్ ఆటగాళ్ళు చిక్కు వస్తే తమ దేశపు వ్యవసాయ మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్ తెరిచి చూసుకుంటున్నారని వార్తలొచ్చాయి. ఒక ఆటకు అంతకన్నా గౌరవం ఏముంటుంది?

అందులో నాట్లు వేసే దృశ్యాన్ని మా వాడకట్టులో నాట్లకు పోయే పెద్దమ్మకు చూపించాను. తెర మీద సకునా మన ఆడవాళ్ళలాగే వంగి, ఒక్కో కర్ర గుచ్చుతూ వెనక్కి వెనక్కి నడుస్తోంది. వెనక నాట్ల పాట. పెద్దమ్మ కాసేపు కన్నార్పకుండా చూసి, “గింత దగ్గర దగ్గర నాటితే పిలకలెట్ల పెడ్తది బిడ్డా? జర ఎడం ఇయ్యమను” అంది. సరిగ్గా అదే ఆ ఆటలో కీలకం. మొక్కకూ మొక్కకూ మధ్య ఎంత ఎడం వదిలావో దాన్ని బట్టే పంట. జపాన్ భాష, ఇంగ్లీషు ఏదీ రాని మనిషి ఒక ఆటలో ఆటగాడి తప్పు పట్టగలిగిందంటే, ఆ ఆట తయారుచేసినవాళ్ళు సేద్యాన్ని ఎంత నిజాయితీగా చూశారో అర్థమవుతుంది. ఆనాటి నుంచి ఏ ఆట లోతునైనా ఆమె కళ్ళతో చూడడం నేర్చుకుంటున్నాను.

లోతు పెరిగితే హాయి పోతుందని కొందరి అభ్యంతరం. 2017లో ప్రాజెక్ట్ హార్స్‌షూ అనే సమావేశంలో కొందరు ఆటల రూపకర్తలు కూర్చుని హాయినిచ్చే ఆటకు మూడు లక్షణాలు చెప్పారు: భద్రత, సమృద్ధి, మృదుత్వం. ఈ మూడూ ఉండాల్సిందే. కానీ నష్టం వేరు, నాశనం వేరు. ఈ ఏడు దిగుబడి తగ్గితే వచ్చే ఏడు దిద్దుకుందామన్న ఆలోచన మనసును నిలుపుతుంది. అది హాయిలో భాగమే. చేను పోయి, ఇల్లు పోయి, మొదటికొస్తే అది హాయి కాదు. 2021–22లో తామర పురుగు మిర్చి పూతను పీల్చేసిన సంగతి, 2022 జులైలో గోదావరి చేలను ముంచిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరవలేదు. కౌలు, వడ్డీ, ధర పడిపోవడం మన చుట్టూ ఉన్నవే. అవన్నీ తెర మీద కూడా మోయమని ఎవరినీ అడగలేం. యానిమల్ క్రాసింగ్ అనే ఆటలో ఇంటి అప్పుకు వడ్డీ లేదు, గడువు లేదు. అది తెలిసినప్పుడు మనసుకు ఎంత నెమ్మదిగా అనిపిస్తుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆటలో షావుకారు లేకపోయినా ఫర్వాలేదు. నేలకు మాత్రం జ్ఞాపకం ఉండాలి.

ఎంచుకునేవారికి కొన్ని మాటలు. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొన్న ఆటను 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే వెనక్కి ఇవ్వవచ్చు. కానీ ఈ తరహా ఆటల లోతు రెండు గంటల్లో బయటపడదు. అందుకే కొనేముందు ఎవరైనా రెండో ఏడో, మూడో ఏడో ఆడుతున్న వీడియో వెతికి చూడండి. ఆ మనిషి ఇంకా నిర్ణయాలు తీసుకుంటున్నాడా, లేక పండింది ఏరుకుని పెట్టెలో వేస్తున్నాడా గమనించండి. నేల మారిందా, ఊళ్ళోవాళ్ళు మారారా, వంటింటికీ చేనుకూ సంబంధం ఉందా చూడండి. అడవి దారిలో సిగ్నల్ పోయే మనలాంటి చోట్ల నెట్ లేకుండా ఆడగలగడం ముఖ్యం. 2019 నుంచి ఆండ్రాయిడ్‌లో ఉన్న స్టార్‌డ్యూ అలా ఆడుకోవచ్చు. ఒక్కసారి కొంటే చాలు, మధ్యలో ప్రకటనలు అడ్డురావు. వరి మీద మనసున్నవారు కంప్యూటర్ ఉంటే సకునాతో మొదలుపెట్టండి. యంత్రాలంటే ఇష్టపడేవారికి 2024 నవంబర్‌లో వచ్చిన ఫార్మింగ్ సిమ్యులేటర్ 25 ఉంది. స్విట్జర్లాండ్‌వాళ్ళ ఈ ఆటలోకి వరి మడి, బర్రెలు కూడా వచ్చాయి.

వాళ్ళ దాకా మన వరి వెళ్ళింది సరే, మన ఊరి ఆట మాటేమిటి? ఇండోనేషియావాళ్ళు 2023లో కోరల్ ఐలాండ్‌తో తమ సముద్రతీరాన్ని ఆటగా చేశారు. అదే ఏడు కెనడాలోని చిన్న బృందం ఒక తమిళ కుటుంబపు వంటింటిని వెంబా అనే ఆటగా తెచ్చి లోకాన్ని మెప్పించింది. ఏటూరునాగారం మీద ఆట చేస్తే లోతు కోసం బయట వెతకనక్కర్లేదు. 28 రోజుల రుతువులకు బదులు మనకు 27 కార్తెలున్నాయి, ఒక్కోటి 13, 14 రోజులు. రోహిణిలో దుక్కి, మృగశిరకు తొలకరి, ఆరుద్రలో విత్తు. తునికాకు తీసుకోండి. ఎండలు ముదరకముందే పొదలను నరికి సవరిస్తేనే ఏప్రిల్, మే నెలల్లో లేత ఆకు వస్తుంది. 50 ఆకులు పేర్చి కట్ట కట్టాలి. సవరింపు సరిగా జరగకపోతే ఆకు ముదురుగా, చిల్లులతో వస్తుంది. ఇప్పచెట్టు ఇంకా పెద్ద పాఠం. తెల్లారకముందు రాలిన పూలు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఎండుటాకులు కాల్చేవాళ్ళున్నారు. ఆ మంట పాకితే అడవి కాలుతుంది, మొలకలు పోతాయి. చీపురుతో ఊడ్చుకుంటే శ్రమ ఎక్కువ, అడవి మిగులుతుంది. మంటా, చీపురా? ఆటగాడి ముందు ఇంతకన్నా మంచి ప్రశ్న ఏ రూపకర్త పెట్టగలడు? గోదావరి వరద ఒండ్రు వేసిపోతే చేను బలుస్తుంది, ఇసుక మేట వేస్తే మొరాయిస్తుంది. విత్తనాల పండుగ చేయకుండా విత్తనం పడదు, కొత్తల పండుగ కాకుండా కొత్త పంట నోట పెట్టరు. ఇక రెండేళ్ళకోసారి మాఘంలో మేడారం జాతర. ఆటలో రెండో ఏడాదికి అంతకన్నా నిండైన సందర్భం ఎక్కడ దొరుకుతుంది? జాతర నాటికి మొక్కు చెల్లించే ఎత్తుబంగారానికి బెల్లం కొనగలిగేంత మిగిలిందా అన్నదే అక్కడ లెక్క.

స్టార్‌డ్యూను చేసింది ఒక్కడు. సకునాకు ప్రాణం పోసింది ఇద్దరు. హైదరాబాద్‌లో యానిమేషన్, గేమ్ డిజైన్ చదువుతున్న ములుగు, భూపాలపల్లి, భద్రాచలం పిల్లలకు నా విన్నపం ఒక్కటే. పెద్ద లోకాలు గీయకండి. ఎకరం మిర్చి తోట, ఒక ఇప్పచెట్టు, అయిదారుగురు మనుషులున్న గూడెం చాలు. వాటి సంగతులు పుస్తకాల్లో తక్కువ, మనుషుల దగ్గర ఎక్కువ. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మీ అమ్మమ్మలనూ తాతలనూ కూర్చోబెట్టి, ఏ కార్తెలో ఏం వేసేవారో, ఏ చేనుకు ఎప్పుడు విడుపు ఇచ్చేవారో, అడవిలో ఏ చెట్టును ఎందుకు ముట్టుకునేవారు కాదో రాసుకోండి. తొలిరూపం తయారయ్యాక ఏటూరునాగారం తీసుకురండి. తప్పులు పట్టడానికి పెద్దమ్మ ఉంది, ఆడి చూడడానికి నేనున్నాను.