కొత్త భూమికి మోసికొనిపోవలసినవి

సూళ్లూరుపేట దాటి తూర్పునకు పోవు బాట పులికాటు సరస్సును నడుమ చీల్చుకొని శ్రీహరికోట దీవిని చేరును. శీతకాలపు ఉదయమున ఆ బాటమీద నిలిచి చూచినచో, ఒకవంక మోకాలిలోతు ఉప్పునీట తలలు వంచి మేత వెదకుకొను ఫ్లెమింగో పక్షుల బారులును, వేరొకవంక బురదలో దిగి చేతులతోడనే చేపలను తడవి పట్టు యానాదులును కనబడుదురు. దీవికి ఆవలి అంచున గ్రహాంతరములకు త్రోవ తీయు ప్రయోగవేదికలున్నవి. నేడు తిరుపతి జిల్లాలో చేరినను 2022 వరకు నెల్లూరు జిల్లాదిగా నుండిన ఈ తీరము, సైన్సు ఫిక్షన్ అని మనము పిలుచుకొను వైజ్ఞానిక కల్పనాసాహిత్యము చిరకాలముగా వేయుచున్న యొక ప్రశ్నను ఆలోచించుటకు మిక్కిలి తగిన చోటు. మానవుడు కొత్త గ్రహమున కాపురము పెట్టబోవునప్పుడు ఏ విద్యను, ఏ యంత్రమును వెంట తీసికొనిపోవలెను, దేనిని విడిచిపోవలెను?

ఆ ప్రశ్న యెంత కఠినమైనదో ఈ తీరపు లెక్కలే చెప్పును. 1980 జూలై 18న ఇచ్చటనుండి లేచిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు 17 టన్నుల బరువుండగా, అది కక్ష్యలో నిలిపిన రోహిణి ఉపగ్రహము 35 కిలోలు మాత్రమే. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసికొనిపోయిన రాకెట్టు సుమారు 640 టన్నులది. తుదకు చంద్రుని మట్టిపై నడయాడిన ప్రజ్ఞాన్ బండి 26 కిలోలది. ఒక బియ్యపు మూటంత బరువును దించుటకు అంతటి సన్నాహము కావలసివచ్చినప్పుడు, లోకమునందలి సమస్త యంత్రసంపదను మూటగట్టి మరియొక గ్రహమునకు తరలింతమనుట కుదురని మాట.

మన పూర్వులు ఈ సంగతిని మరియొక తీరున గ్రహించిరి. భాగవతము అష్టమస్కంధమునందలి మత్స్యావతారకథలో, ప్రళయజలధిపై తేలు నావలోనికి సత్యవ్రతుడు చేర్చినవి ఓషధులు, నానావిధ బీజములు, ప్రాణికోటి, వానితోపాటు సప్తర్షులు. అనగా మొలకెత్తునదియు, పిల్లలను పెట్టునదియు, తెలిసినవాడును నావ యెక్కిన చాలును. తక్కినది కొత్త నేలమీద వారే కల్పించుకొందురు.

పాశ్చాత్య కల్పనాకారులు ఈ సూత్రమును కథాశిల్పముగా మలచిరి. జూల్ వెర్న్ 1874లో ప్రచురింపనారంభించిన ‘మిస్టీరియస్ ఐలాండ్’ నవలలో గ్రహము లేదు, దీవియే కలదు; ఐనను తరువాతి గ్రహాంతర నివాసకథలు పెక్కింటికి అది మూలకందము. కూలబోవుచున్న బెలూనును తేలికపరచుటకై తమ సామగ్రినంతయు సముద్రమున పారవేసి, ఐదుగురు మనుష్యులు వట్టిచేతులతో ఒడ్డు చేరుదురు. వారిలోని ఇంజనీరు రెండు గడియారముల అద్దములను ఊడదీసి, వాని నడుమ నీరు నింపి, అంచులను బంకమట్టితో అతికి, ఆ కటకముతో సూర్యకిరణములను కూర్చి నిప్పు పుట్టించును. బాలుడొకని చొక్కా అస్తరులో చిక్కుకొనియున్న ఒకేయొక గోధుమగింజ వారి వ్యవసాయమంతటికిని పెట్టుబడి యగును. అటుపిమ్మట ఇటుక, కుండ, ఇనుము వరుసగా వచ్చును. ఒక్కొక్క పనిముట్టు తరువాతిదానిని కనును; ఇది మొదటి పద్ధతి. పాఠకుడు ఆ వరుసను వెంబడించుచు, తాను నిత్యము వాడుకొను వస్తువు వెనుక ఎన్ని మెట్లున్నవో మొదటిసారిగా తెలిసికొనును. ఈ సంప్రదాయపు ముఖ్యమైన పనితనమిదియే.

రెండవ పద్ధతి, తనంతట తాను వృద్ధిపొందు సాధనమును ఎన్నుకొనుట. రాబర్ట్ హైన్‌లైన్ 1955లో వ్రాసిన ‘టన్నెల్ ఇన్ ది స్కై’లో నక్షత్రాంతరములకు ద్వారములు తెరువగల నాగరికత యుండియు, వలసపోవువారు గుర్రములతోను బండ్లతోను బయలుదేరుదురు. ట్రాక్టరు చెడినచో విడిభాగము కావలెను, ఆ విడిభాగమునకు కర్మాగారము కావలెను. గుర్రమునకు గడ్డి చాలును, అది పిల్లను పెట్టును. ఇది వట్టి కల్పన యనుకొనువారు బ్రెజిల్ దేశపు పచ్చికబయళ్లను తలచుకొనవలెను. 19వ శతాబ్దమునుండి మన ఒంగోలు జాతి పశువులు ఓడలెక్కి అచ్చటికి చేరి, నెల్లూరు పేరుతోనే ‘నెలోర్’ అని పిలువబడుచు, ఆ యెండకును ఆ పురుగుపుట్రకును తట్టుకొని మంద మందగా పెరిగి, నేడు ఆ దేశపు మాంసపు పశుసంపదలో అధికభాగమైనవి. ఓడ మోసినది కొన్ని పశువులను. కొత్త నేల ఇచ్చినది కోట్లను.

మూడవది, చేరినచోటి ద్రవ్యముతోనే పని గడపుకొనుట. కిమ్ స్టాన్లీ రాబిన్సన్ ‘రెడ్ మార్స్’ (1992)లో అంగారకుని మట్టితో ఇటుకలు చేసి వంపుకప్పుల ఇండ్లు కట్టుదురు. 2020లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థవారును ఇస్రోవారును చంద్రుని మట్టిని పోలిన పొడిలో యూరియాను, ఒక సూక్ష్మజీవిని, గోరుచిక్కుడు గింజల జిగురును కలిపి ఇటుకను గట్టిపరచి చూపిరి. నవలాకారుడు ముందుగా నడచిన బాటలో శాస్త్రజ్ఞుడు అడుగుపెట్టిన ఘట్టమిది.

ఈ మూడు పద్ధతులకును ఒప్పిన విద్య శ్రీహరికోటలోనే తరతరములుగా నుండినది. యానాదుల యెలుక పొగకుండను చూడుడు. పాత కుండలో గడ్డి కూరి, నిప్పు రగిల్చి, దాని మూతిని కలుగునకు ఆనించి, అడుగున చేసిన రంధ్రముగుండా నోటితో ఊదినచో పొగ నేలలోపలి సొరంగములన్నిటను ప్రాకును. ఎలుకయు చిక్కును, అది దాచిన ధాన్యమును దొరకును. కుండ పగిలినచో మరియొక కుండ, గడ్డి ఎల్లయెడల నుండును, మిగిలినది ఊపిరి. కట్టెలు రాపాడించి నిప్పు పుట్టించుట, తాటాకుతో గుడిసె అల్లుట, ఏ వేరు మందో ఏ దుంప ఆహారమో ఎరుగుట వారికి వెన్నతో పెట్టిన విద్యలు. బట్టలకు ఎఱ్ఱరంగు నిచ్చు చిరివేరును ఆ దీవియడవిలో త్రవ్వి తెచ్చినవారును వారే. మన వెన్నెలకంటి రాఘవయ్య వారిని గూర్చి 1962లో ప్రత్యేకముగా గ్రంథమే వ్రాసెను. ఈ విద్యకు తూకము లేదు. మనిషి వెంట నడచిపోవును.

ఇచ్చటనే ఈ సాహిత్యములోని లోపమొకటి చెప్పక తప్పదు. కొత్త భూమి యనగా ఖాళీ భూమి యని పెక్కు కథలు భావించును. 1969లో శ్రీహరికోట ప్రయోగకేంద్రమునకు ఎంపికయైనప్పుడు అది ఖాళీ దీవి కాదు. అచ్చట కాపురమున్న అనేక కుటుంబములు తరలిపోవలసివచ్చెను. మనము చంద్రుని చేరుటకు ఆ తరలింపు అవసరమైనదనియే యందము; ఐనను వారితోపాటు తరలిన జ్ఞానమునకు మనమెంత విలువ కట్టితిమి? అడవి నెరిగినవానిని అడవినుండి వేరుచేసినచో, సప్తర్షులను ఒడ్డున దించి నావను నడిపినట్లగును.

కావున గ్రహాంతర నివాసకథ వట్టి కాలక్షేపము కాదు. ఏ వస్తువు దేనిపై ఆధారపడియున్నదో, చెడినప్పుడు ఎవడు బాగుచేయగలడో, మరల చేసికొనుటకు నేల యేమి ఇచ్చునో లెక్కించు అలవాటును అది మనకు నేర్పును. ఆ లెక్క ఊరి మోటారుబావికిని పనికివచ్చును, అంగారకునికిని పనికివచ్చును. తెలుగు యువరచయితలు ఇట్టి కథలు వ్రాయబూనునప్పుడు విదేశపు ఉక్కునగరములను అనుకరింపక, పులికాటు ఒడ్డున నాలుగు దినములుండి, వలను ఎట్లు అల్లుదురో, గుడిసెను ఎట్లు నిలుపుదురో కన్నులార చూచి రావలెనని నా మనవి.

2024 డిసెంబరు 30న శ్రీహరికోటనుండి లేచిన రాకెట్టులో ఇస్రో ఎనిమిది అలసందగింజలను పంపెను. నాలుగు దినములలో అవి కక్ష్యలో మొలకెత్తెను. పిమ్మట ఆకులు తొడిగెను.