విషాన్ని పసిగట్టే పళ్ళెం: సెలడాన్ పాత్రల వ్యాఖ్యానం - ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం సెలడాన్ పాత్రలకు జనంలో ప్రచారం తెచ్చినది వాటి పూత కాదు. అవి విషాన్ని పట్టిస్తాయన్న కథ. ఆ కథను వస్తుధర్మంగా కాక, ఆస్థాన సంస్కృతికి చెందిన కథాంశంగా చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సెలడాన్, పింగాణీ, ఘోరీ, చకోరం, సాలార్‌జంగ్ మ్యూజియం.

1. ఉపోద్ఘాతం:
మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) సేకరణలతో 1951 డిసెంబరు 16న ప్రారంభమైన మ్యూజియంలో చైనా మృణ్మయకళకు ప్రత్యేక స్థానం ఉంది. అందులోని పచ్చపూత సెలడాన్ పళ్ళేల ప్రస్తావన రాగానే, విషాహారం వడ్డిస్తే అవి రంగు మారుతాయనీ, పగులుతాయనీ చెప్పడం పరిపాటి. తాజ్‌మహల్ ఆవరణలోని మ్యూజియంలో ఉన్న సెలడాన్ పళ్ళెం గురించీ ఇదే మాట వినిపిస్తుంది. ఈ వ్యాఖ్యానం వస్తువును వివరిస్తోందా, మరుగుపరుస్తోందా అన్నది విచారణీయం.

2. పేర్లలోని దృష్టిభేదం:
చైనీయులు ఈ పాత్రలను నీలిపచ్చ వన్నెను బట్టి 'చింగ్‌త్స' అన్నారు. 'సెలడాన్' అనే పేరు ఫ్రెంచి రచయిత ఒనోరే ద్యుర్ఫే పదిహేడవ శతాబ్దపు నవల 'లాస్త్రే'లోని గొల్లవాని పేరు నుంచి వచ్చిందన్నది ప్రసిద్ధ వ్యుత్పత్తి. భారతదేశపు ముస్లిం ఆస్థానాలలో ఇవి 'ఘోరీ' పాత్రలు. తెలుగులో మాత్రం తెల్లని కప్పునూ, ఈ పచ్చని పళ్ళేన్నీ 'పింగాణీ' అనే ఒక్క మాటతోనే వ్యవహరిస్తున్నారు. వన్నెకూ పూతకూ పేరు లేనిచోట కథే పేరుగా స్థిరపడింది. 'విషపరీక్ష పళ్ళెం' అన్న వ్యవహారం అలా ఏర్పడినదే.

3. పూత - రాజసం:
సెలడాన్ వన్నెకు మూలం పూతలో స్వల్పంగా ఉండే ఐరన్ ఆక్సైడు. ఆక్సిజన్ తగ్గించిన ఆవంలో, 1200 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో ఆ పూత కరిగి పచ్చని గాజుగా మారుతుంది. అంతటి వేడిలో స్థిరపడిన గాజుపొర, భోజనంలో కలిసిన విషానికి రంగు మార్చుకోదు.

'చక్రవర్తుల పాత్ర' అన్న విశేషణాన్నీ జాగ్రత్తగా వాడవలసి ఉంది. ఉత్తర సుంగ్ ఆస్థానం కోసం తయారైన 'రూ' పాత్రలు నేడు ప్రపంచంలో వందలోపే మిగిలాయి. వాటిలో ఒకటి 2017లో హాంకాంగ్ వేలంలో 29 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా పలికింది. పరదేశాలకు చేరిన సెలడాన్‌లో అధికభాగం జెజియాంగ్ ప్రాంతపు లొంగ్‌చ్వాన్ ఆవాలలో విపణి కోసం కాలినది. తెలుగు తీరానికి చైనా సరకు కొత్త కాదు. గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (1244) సుంకం విధించిన సరకులలో చైనా కర్పూరం ఉంది. కాబట్టి దక్కను ఆస్థానాలకు చేరిన సెలడాన్‌లో చాలాభాగానికి రాజసం పుట్టుకతో రాలేదు, ఇక్కడి భోజనశాలలలో అబ్బింది. ఆ రాజసాన్ని స్థిరపరచిన సాధనాలలో విషకథ ఒకటి.

4. చకోరం నుంచి పళ్ళెం దాకా:
విషాన్ని చూడగానే మార్పు చెందే సాక్షి అన్న ఊహ ఈ దేశానికి సెలడాన్‌తో వచ్చింది కాదు. విషం ఎదుట చకోరం కన్నులు రంగు మారుతాయనీ, క్రౌంచం మత్తెక్కుతుందనీ కౌటిల్యుని అర్థశాస్త్రం రాజరక్షణ ప్రకరణంలో చెబుతుంది. వెన్నెలను తాగే పక్షిగా కావ్యాలలో పరిచితమైన చకోరానికి రాజనీతి అప్పగించిన పని వేరు. చకోరం కన్ను చేసిన పనినే తరువాతి కథలో పళ్ళెపు పూత చేస్తోంది. రెండింటికీ నేరుగా సంబంధం ఉందనడానికి ఈ పోలిక ఒక్కటే చాలదు. అయితే రెండింటి వెనుకా ఉన్నది ఒకే భయం: తనకు వడ్డించే చేతిని నమ్మలేని ప్రభువు, అబద్ధమాడని సాక్షి కోసం మనుషులకు వెలుపల వెదికాడు.

5. ముగింపు:
ఇదే నగరంలో ఫిల్మ్‌నగర్ అల్లే రాజుల కథలలో విషపాత్ర కథను మలుపు తిప్పే సాధనం; అక్కడ దానికి అంతకు మించిన బాధ్యత లేదు. మ్యూజియంలోని పళ్ళేన్నీ అదే పాత్రకు కుదిస్తే, ఆవాన్ని అదుపు చేసిన కుమ్మరి నైపుణ్యమూ, సముద్రాలు దాటించిన వర్తకమూ కనుమరుగవుతాయి. విషకథను తొలగించడం పరిష్కారం కాదు, అది కూడా చరిత్రకు ఆధారమే. అయితే అది పళ్ళేన్ని గురించిన ఆధారం కాదు, పళ్ళెం ముందు కూర్చున్నవారి భయాన్ని గురించిన ఆధారం. తెలుగు మ్యూజియం రచన ఈ రెండింటినీ వేరుచేసి చెప్పగలిగిన నాడే పచ్చని పూతకు తగిన తెలుగు పేరు పుట్టడానికీ అవకాశం ఉంటుంది.