‘బ్లైటీ’ శబ్దవిచారము

ఆంగ్లభటుల సంభాషణమున ‘బ్లైటీ’ యను గ్రామ్యశబ్ద మొకటి కలదు. వారి కది ఇంగ్లండు దేశము. భారతదేశమునందలి ఆంగ్లసైన్యమున బుట్టిన యీ మాట 1914-18 సంవత్సరముల మహాయుద్ధమున ఫ్రాన్సు కందకములలో మిక్కిలి వ్యాపించెను. స్వదేశమునకు బంపదగిన గాయమునకును నాడదే పేరు. ప్రాణము దీయక ఓడ నెక్కించు గాయము భటునకు భాగ్యముగా దోచెను. ఈ మాటతో నొక పాటయు 1916లో వెలసి ప్రసిద్ధి కెక్కినది.

‘హిందూస్థానీయందు దీనికి స్వగృహ మని యర్థ’ మని చెప్పువారు కలరు. ఇది పొరపాటు. మూలము ‘విలాయత్’ అను అరబీ శబ్దము. పాలన మనియు, పాలింపబడు ప్రాంత మనియు దాని యర్థములు; ‘వలీ’ యనగా పాలకుడు. తురుష్క సామ్రాజ్యపు రాష్ట్రములకు ఈ పేరే యుండెను. హిందూస్థానీలో నది పరదేశమై, తుదకు ఐరోపా యైనది. యూల్, బర్నెల్ పండితుల ‘హాబ్సన్-జాబ్సన్’ కోశము (1886) అఫ్గానులు తమ దేశమునే యిట్లు పేర్కొందు రనియు, ఇచ్చట సోడానీటిని ‘బిలాయతీ పానీ’ యందు రనియు దెల్పుచున్నది. బర్నెల్ ఐంద్రవ్యాకరణ సంప్రదాయమును గూర్చి 1875లో గ్రంథము రచించిన శాబ్దికుడు. అట్టివాడు సోడానీటి పేరునైన విడువకుండుట గ్రామ్యమన్నంతనే ముఖము త్రిప్పుకొను పండితులు గమనింపదగినది.

గృహార్థము తప్పనుటకు దాండూరు బజారే చాలును. తెలుగు, కన్నడము, ఉర్దూ కలిసి వినబడు సీమ యది. అచ్చటి తెలుగువాడు సీమచింత యను చెట్టును కన్నడిగుడు సీమెహుణసె యనును. ఉర్దూలో నది విలాయతీ ఇమ్లీ. చెట్టు వచ్చినది ఇంగ్లండునుండి కాదు, అమెరికాఖండమునందలి మెక్సికో ప్రాంతమునుండి. కావున ఈ విశేషణములకు ‘పరదేశపుది’ యనుటయే యర్థము. సంస్కృతమున ఎల్లను జెప్పు సీమాశబ్దము తెలుగున ప్రాంతమై (కోనసీమ, రాయలసీమ), పిదప దొరల దేశమైనది. ‘సీమకు బోయె’ నన్న ఇంగ్లండునకే. విలాయత్ నడచిన త్రోవయే యిది. ప్రాంతవాచకము పరదేశవాచక మగుట రెంట సమానము. భేద మొక్కటే: ఇచ్చటివారు ‘పరాయిది’ యన్నదానిని తెల్లభటుడు విని ‘నాది’ యనుకొనెను. అర్థము తలక్రిందైనది వక్తృభేదముననే కాని శబ్దమహిమచే గాదు.

ధ్వనివిషయము సులభము. వకారము బకార మగుట ఉత్తరదేశభాషల వాడుక. వబయోరభేదము శాబ్దికుల కెరుకయే. ఊనిక ‘లా’ పై నుండుటచే ముందరి ఇకారము లోపించెను. యకారము సంప్రసారణము పొందినట్లు ఇకారమై ‘లై’ ఏర్పడెను. గుణమేల రాలేదని యడుగరాదు. భటునకు సూత్రము లేదు. వ్రాతలో మాత్రము ‘నైట్’, ‘లైట్’ శబ్దములవలె మూకాక్షరములు చేర్చిరి. ఆ వ్రాతను జూచి, పైరుతెగులును జెప్పు ‘బ్లైట్’ నుండి యిది వచ్చెనని భ్రమపడుట సులభము.

అట్టి భ్రమ తెలుగువారికి దూరము కాదు. వికారాబాదు పేరు విని సంస్కృతజ్ఞుడు వికారమును దలచును. ఆ యూరు పాయగా ప్రభువైన వికారుల్ ఉమ్రా పేర వెలసినది. అందలి అరబీ శబ్దమునకు గౌరవము, గాంభీర్యము అని యర్థములు. అనంతగిరి చెంతనున్న చక్కని యూరికి వికృతి నంటగట్టుట చెవి చేసిన యపరాధము.

1874లో తెరవబడిన వాడీ-సికిందరాబాదు ఇనుపదారి ఈ రెండూళ్ల మీదుగానే పోవును. సికిందరాబాదు దండునుండి బొంబాయి రేవునకు బోవు భటులకు ఇది దారి యగుటచే, ‘బ్లైటీ’ పలుకు ఈ స్టేషనులలో వినబడియే యుండును. అంతమాత్రమున శబ్ద మిచ్చటనే పుట్టెననుట అభిమానమే కాని ప్రమాణము కాదు.