ఇరవై నుంచి పదిహేనుకు: ‘తీవ్ర గాయం’ నిర్వచనంపై ఒక విమర్శ

కీలక పదాలు: భారతీయ న్యాయ సంహిత, శిక్షాస్మృతి, తీవ్ర గాయం, ప్రమాదకర ఆయుధం, కూలి శ్రమ, చట్టభాష

తెలుగు సాహిత్య విమర్శకు న్యాయస్థానం కొత్త కాదు. స్వయంగా న్యాయవాది అయిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘ఆరు సారా కథలు’ చదివినవారెవరికైనా పోలీసు, ప్లీడరు, సాక్షి సుపరిచితులే. కానీ కథలోని చట్టాన్ని చదివినంత శ్రద్ధగా చట్టంలోని వాక్యాన్ని చదివే అలవాటు మనకింకా ఏర్పడలేదు. నిర్వచనం కూడా ఒక రచనే. దానికి కర్త, కాలం, ఊహించుకున్న పాఠకుడు, ఊహించని మనిషి ఉంటారు. ఈ దృష్టితో భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షనును, అంటే ‘తీవ్ర గాయం’ నిర్వచనాన్ని, పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక పదభేదం. పత్రికలు ‘దాడి’ అని రాసే సంఘటనలన్నీ చట్టంలో ఒకే గూటికి చేరవు. చేయి చేసుకోబోతున్నాడన్న భయం కలిగించే సైగ, సన్నాహం మాత్రమే 130వ సెక్షను ప్రకారం దాడి. దెబ్బ తగలనక్కర లేదు. వట్టి మాటలు దాడి కావు గాని, సైగకు అర్థం కల్పించగలవు. దెబ్బ తగిలి నొప్పి, వ్యాధి, బలహీనత కలిగితే అది ‘గాయం’. ఆ గాయం ఎనిమిది రకాలలో ఒకటైతే ‘తీవ్ర గాయం’. తీవ్రమైన దాడి అని సామాన్యుడు అనుకునేది మన చట్టంలో దాడి అధ్యాయంలో కాక గాయం సెక్షన్లలో ఉంది. అంటే మన చట్టం నేరస్థుడి చేష్టకంటే బాధితుడి దేహాన్ని ముందు చూస్తుంది.

ఎనిమిదీ ఇవి: పుంస్త్వ నాశనం, ఒక కంటి చూపు శాశ్వతంగా పోవడం, ఒక చెవి వినికిడి శాశ్వతంగా పోవడం, అవయవమో కీలో పోవడం, వాటి శక్తి నశించడం లేదా శాశ్వతంగా క్షీణించడం, తల, ముఖం శాశ్వతంగా వికృతం కావడం, ఎముక, పన్ను విరగడం లేదా స్థానం తప్పడం, చివరిగా ప్రాణాపాయం కలిగించే గాయం, లేదా పదిహేను రోజులపాటు తీవ్రమైన శారీరక బాధ కలిగించే, మామూలు వ్యాపకాలు సాగనివ్వని గాయం. మన పల్లెల్లో ‘పళ్ళు రాలగొడతాను’ అనేది కోపంలో దొర్లిపోయే మాట. అన్నంత పనీ చేస్తే ఒక్క పన్నుకే ఏడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు.

ఈ జాబితాలో మొదటి స్థానం పురుషదేహానిది. స్త్రీ గర్భాశయానికి కలిగే హానికి విడిగా పేరు లేదు. గర్భస్రావానికి వేరే సెక్షన్లున్నాయి గాని, గర్భవతి కాని స్త్రీ పొత్తికడుపుపై తన్నిన దెబ్బ తీవ్రమని నిరూపించాలంటే అవయవశక్తి క్షీణతనో, ప్రాణాపాయాన్నో, రోజుల లెక్కనో ఆశ్రయించాలి. 1860లో ఈ వరుస ఎవరికీ వింతగా తోచకపోవచ్చు. 2023లో కొత్త సంహిత రాసినవారు కూడా దాన్ని యథాతథంగా ఉంచారు.

వారు మార్చింది ఒక అంకెను. పాత శిక్షాస్మృతి 320వ సెక్షనులో ఇరవై రోజులు, 2024 జూలై 1 నుంచి అమలైన సంహితలో పదిహేను. మెకాలే నేతృత్వంలోని లా కమిషన్ 1837లో ముసాయిదా సమర్పించినప్పుడు, చిన్న గాయానికీ పెద్ద గాయానికీ నడుమ కచ్చితమైన గీత గీయడం అసాధ్యమని ఒప్పుకుంది. మోటుగానైనా ఒక గీత ఉండాలని వాదించింది. 1810 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతి కూడా ఇరవై రోజులకు మించిన పని అశక్తతనే గీటురాయిగా పెట్టుకుంది. కాబట్టి ఈ రోజుల లెక్క వైద్యశాస్త్రం చెప్పింది కాదు. పరిపాలనా సౌలభ్యం కోసం చేసుకున్నది. ఆ మోటుదనాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ గీత ఎవరి జీవితాన్ని ప్రమాణంగా తీసుకుందన్నదే ప్రశ్న.

దెబ్బలు తిన్న ఒక వ్యవసాయ కూలీని ఊహించుకుందాం. ఎముక విరగలేదు, వీపంతా కమిలిపోయింది. కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. ఆరో రోజున ఆమె నాట్లకు వెళ్ళింది. విచారణలో ప్రతివాది న్యాయవాది అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఆరో రోజున పనిలోకి వెళ్ళారా, లేదా?’ ఆమె నిజం చెబితే గాయం తేలికైపోతుంది. అదే గాయం తిన్న నెలజీతగాడు వైద్య సెలవు పెట్టి ఇంట్లో పడుకుంటే అది తీవ్రం కావడానికి దారి ఉంటుంది. ‘తీవ్రమైన బాధ’ అనే మొదటి పాయ ఆమెకు తోడ్పడవచ్చునని వాదించవచ్చు. కానీ బాధకు సాక్ష్యం ఏమిటి? పనికి రాకపోవడమే సాధారణంగా చూపే సాక్ష్యం. ఆసుపత్రిలో అన్ని రోజులు ఉన్నంత మాత్రాన సరిపోదనీ, బాధనో అశక్తతనో విడిగా నిరూపించాలనీ న్యాయస్థానాలు పట్టుబడతాయి. సూత్రంగా అది సబబే. ఆచరణలో అది విశ్రాంతి కొనుక్కోగలిగినవాడికి అనుకూలిస్తుంది. ఇరవైని పదిహేను చేయడం ఈ అసమానతను తగ్గించింది గాని తొలగించలేదు.

అనువాదం ఇక్కడ మరో చిక్కు తెస్తుంది. ఆంగ్ల మూలంలోని మాటను ‘నిత్యకృత్యాలు’ అంటే స్నానం, భోజనం, నడక గుర్తొస్తాయి. ‘వృత్తి’ అంటే కూలి గుర్తొస్తుంది. ఇంటిపని, పిల్లల పని చేసే స్త్రీకి ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ? నేను ‘వ్యాపకాలు’ అన్నాను; అదీ సంతృప్తికరం కాదు.

ఇక ధ్రువపత్రం సంగతి. గాయపడినవారిని మొదటి రోజున చూసిన వైద్యుడు ‘సింపుల్’ అనో ‘గ్రీవియస్’ అనో రాస్తాడు. ఎముక సంగతి ఎక్స్‌రే వెంటనే చెబుతుంది. పూర్తిగా రెండుగా విడిపోనక్కర లేదు, పగులు చాలునని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. పదిహేను రోజుల సంగతి మాత్రం ఆనాడు ఎవరూ చెప్పలేరు. బాధితుడు మళ్ళీ రావాలి, మళ్ళీ రాయించుకోవాలి. ఆ ఒక్క మాటతో కేసు నడకే మారుతుంది. ఆయుధం వాడని మామూలు గాయమైతే 115(2) కింద ఏడాది వరకు శిక్ష. మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. తీవ్ర గాయమైతే 117(2) కింద ఏడేళ్ళ వరకు శిక్ష. నేరుగా కేసు నమోదు చేయవచ్చు.

దీనికి ఆయుధం తోడైతే 118(2): ఏడాదికి తగ్గకుండా పదేళ్ళ వరకు, లేదా యావజ్జీవం. కాల్చే, పొడిచే, కోసే సాధనాలు, నిప్పు, విషం, పేలుడు పదార్థం, చివరికి జంతువు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఢిల్లీ నుంచి వచ్చిన ఒక కేసులో, వేలు తెగేలా కొరికిన మనిషి పళ్ళు ఆయుధం కావని 2004లో సుప్రీంకోర్టు శిక్షను కింది సెక్షనుకు మార్చింది. కుక్కను ఉసికొల్పితే ఆయుధం, తానే కొరికితే కాదు! తీర్పు సెక్షను వాక్యానికి కట్టుబడింది. విడ్డూరం ఆ వాక్యంలోనే ఉంది. 2005లో కేరళ కేసులో రాయి ఆయుధమా అన్న ప్రశ్నకు, దాని పరిమాణం, పదును, వాడిన తీరు చూసి తేల్చాలని అదే కోర్టు చెప్పింది. ఆ కేసులోనూ శిక్ష కింది సెక్షనుకే దిగింది.

ఆసిడ్ విషయంలో మాత్రం చట్టం ఈ కొలబద్దలను పక్కన పెట్టగలిగింది. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై ఆసిడ్ దాడి జరిగినప్పుడు దానికి ప్రత్యేక సెక్షను లేదు. నిందితులు రోజుల వ్యవధిలో పోలీసు కాల్పుల్లో మరణించారు. ఏ సెక్షను ఎంతవరకు నిలుస్తుందో విచారణలో తేలే అవకాశమే లేకపోయింది. 2013లో వచ్చిన 326-ఎ, నేటి 124(1), రోజులు లెక్కించదు. దేహంలో ఏ భాగానికైనా పాక్షిక హాని చాలు. పదేళ్ళకు తగ్గని శిక్ష. చట్టానికి చేతనవును అనడానికి ఇదే రుజువు.

దీనికి పూర్తిగా భిన్నమైనది 117(4). అయిదుగురు లేదా అంతకు మించినవారు కలిసి కులం, జాతి, భాష, లింగం, జన్మస్థలం, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణంతో తీవ్ర గాయం చేస్తే ఒక్కొక్కరికీ ఏడేళ్ళ వరకు శిక్ష. చదవగానే కొత్త రక్షణగా తోస్తుంది. అయితే ఏ ద్వేషమూ లేకుండా ఒక్కడే కొట్టినా 117(2)లో ఉన్నది ఆ ఏడేళ్ళే. గుంపులో ప్రతివాడూ బాధ్యుడన్న సూత్రం చట్టవిరుద్ధ సమూహపు సెక్షను కింద పాత స్మృతిలోనే ఉంది. ఇదే గుంపు చేతిలో మనిషి చనిపోతే 103(2) మరణశిక్ష వరకు వెళుతుంది. ప్రాణం మిగిలితే ద్వేషానికి అదనపు విలువ సున్న.

1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టంలోనూ ఇలాంటి అగాధమే ఉంది. పదేళ్ళు, ఆపై శిక్ష గల నేరం దళితులపై, ఆదివాసులపై జరిగితే యావజ్జీవం. అంటే గొడ్డలితో కాలు విరగ్గొడితే ఆ నిబంధన వర్తిస్తుంది. పదిమంది కలిసి కాళ్ళతో తన్ని విరగ్గొడితే నేరం ఏడేళ్ళదే కనుక వర్తించదు. 2015 సవరణ చేర్చిన ఉపనిబంధన అలాంటి నేరాలను చట్టం పరిధిలోకి తెచ్చింది గాని, శిక్షాస్మృతిలోని శిక్షనే మళ్ళీ సూచించి ఊరుకుంది.

117వ సెక్షను కింద ఒక ఉదాహరణ ఉంది. ముఖాన్ని శాశ్వతంగా వికృతం చేయాలని ఒకడు కొడతాడు. ముఖం వికృతం కాదు, కానీ దెబ్బతిన్నవాడు పదిహేను రోజులు తీవ్రంగా బాధపడతాడు. కొట్టినవాడు తీవ్ర గాయం చేసినట్లే. 1860 స్మృతిలో 322వ సెక్షను కింద ఉన్నది ఈ ఉదాహరణే. అందులో ఇరవై ఉన్నచోట ఇప్పుడు పదిహేను ఉంది.