సైటేషన్ల లెక్క, తెలుగు పాఠకుడు: కె. శ్రీనాథ్ రెడ్డి హృద్రోగ పరిశోధన రచనలపై ఒక పరిశీలన

ఒక పరిశోధకుని రచనలను ఇతరులు ఎన్నిసార్లు ఉటంకించారన్న లెక్కనే ఆ రచనల విలువగా చూడడం నేడు విశ్వవిద్యాలయాలలో ఆనవాయితీ అయింది. 2005లో భౌతికశాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ ఈ లెక్కను ఒక్క అంకెకు కుదించింది. కనీసం ముప్పైసార్లు ఉటంకింపు పొందిన వ్యాసాలు ముప్పై ఉంటే ఇండెక్స్ ముప్పై. అంతకు మించి ఆ అంకె ఏమీ చెప్పదు. ఈ కొలతలో శ్రీనాథ్ రెడ్డి స్థానం ఉన్నతమైనదే, అందులో వివాదం లేదు. ఆయన రచనలలో ఏది ఏ పని చేసిందన్న ప్రశ్నకు మాత్రం అక్కడ సమాధానం దొరకదు.

ఉస్మానియా వైద్య కళాశాలలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో హృద్రోగ నిపుణుడై, 2006లో భారత ప్రజారోగ్య ప్రతిష్ఠానానికి తొలి అధ్యక్షుడైన శ్రీనాథ్ రెడ్డి, 1998లో సలీం యూసఫ్‌తో కలిసి 'సర్క్యులేషన్' పత్రికలో ఒక సమీక్షా వ్యాసం రాశారు. వర్ధమాన దేశాలలో గుండెజబ్బులు మహమ్మారిగా మారుతున్నాయన్నది దాని సారాంశం. విరివిగా ఉటంకింపు పొందిన వ్యాసమిది. సమీక్షా వ్యాసాలకు సైటేషన్లు సహజంగానే ఎక్కువ. చాలామంది వాటిని తమ వ్యాసం తొలి వాక్యానికి ఆధారంగా వాడుకొని ముందుకు సాగిపోతారు. బహుకర్తృక వ్యాసాలది మరో చిక్కు. దక్షిణాసియావారికి తొలి గుండెపోటు వచ్చే సగటు వయస్సు 53 ఏళ్లనీ, ఇతరులకు దాదాపు 59 ఏళ్లనీ తేల్చిన 2007 నాటి 'జామా' వ్యాసానికి ఆయన సహరచయిత. అందులో ఆయన పాలు ఎంతో సైటేషన్ లెక్క విడదీసి చూపలేదు.

ఈ దృష్టితో చూసినప్పుడు ఆసక్తికరమైనది 2006లో అంతర్జాతీయ ఎపిడమియాలజీ పత్రికలో వెలువడిన వ్యాసం. రోహిణా జోషి ప్రథమ రచయితగా, శ్రీనాథ్ రెడ్డి సహరచయితలలో ఒకరుగా ఉన్న ఈ అధ్యయనానికి క్షేత్రం గోదావరి ప్రాంతంలోని 45 గ్రామాలు. ఒక్క ఏడాదిలో సంభవించిన 1,354 మరణాలను పరిశీలించి, వాటిలో 32 శాతం రక్తప్రసరణ వ్యవస్థకు చెందిన జబ్బుల వల్లనేనని తేల్చారు. పద్ధతి 'వెర్బల్ అటాప్సీ': మరణించినవారి కుటుంబీకులను ప్రశ్నించి, వారు చెప్పిన దానిని బట్టి వైద్యులు మరణ కారణాన్ని నిర్ణయిస్తారు. ఆ పల్లెలలో మాట్లాడేది తెలుగు. 'ఆయాసం', 'గుండె పట్టేసింది', 'కాలూ చెయ్యీ పడిపోయింది' వంటి మాటలు అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణ సంకేతాలుగా మారి ఇంగ్లీషు పట్టికలలో చేరతాయి. ఆ పట్టికకు మూలపాఠం ఒక విధవరాలి కథనమో, కొడుకు జ్ఞాపకమో. మౌఖిక కథనాలను సేకరించి పాఠపరిష్కరణ చేయడంలో శిక్షణ పొందిన తెలుగు పరిశోధకులకు ఇది పరాయి రంగమేమీ కాదు. వారి దృష్టి ఇంతవరకు అటు అంతగా మళ్లలేదు.

ప్రకాశ్ గుప్తాతో కలిసి సంపాదకత్వం వహించగా 2004లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రచురించిన పొగాకు నియంత్రణ నివేదిక సంగతి ఇంకొకటి. పత్రికా వ్యాసాలను ప్రధానంగా లెక్కించే సూచికలలో ప్రభుత్వ నివేదికకు దక్కే చోటు స్వల్పం. గుంటూరు, ప్రకాశం మైదానాలను నేరుగా తాకే రచన మాత్రం ఇదే. పత్తి, మిర్చి పండే ఈ నేలలోనే పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులో ఉంది. ప్రకాశం పల్లెలలో పొగాకును కాల్చే బ్యారన్లున్నాయి. హృద్రోగ శాస్త్రానికి పొగాకు ఒక ప్రమాదకారకం. ఇక్కడి రైతుకు అది అప్పు తీర్చే పంట. ఈ రెండు వాక్యాలూ నిజమే.

పొగాకు నియంత్రణపై 2003 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోని 17వ అధికరణం ఈ వైరుధ్యాన్ని గుర్తించి, రైతులకూ కూలీలకూ గిట్టుబాటయ్యే ప్రత్యామ్నాయ జీవనోపాధిని ప్రోత్సహించాలని చెప్పింది. సైటేషన్ల సంఖ్యకు బదులు ఈ అధికరణాన్ని ముందు పెట్టుకొని శ్రీనాథ్ రెడ్డి రచనలను చదివితే, వాటిలో బలంగా వినిపించేది రోగి పక్షం. సాగుదారు పక్షం అంత బలంగా వినిపించదు. ఆయన సామాన్య పాఠకుల కోసం రాసిన 'మేక్ హెల్త్ ఇన్ ఇండియా' (2019), 'పల్స్ టు ప్లానెట్' (2023) పుస్తకాలను సైతం ఈ ప్రశ్నతోనే చదవవలసి ఉంది. బ్యారన్ వద్ద రాత్రంతా మంట కాచే కూలీ గుండెను గురించి, అతని కూలి డబ్బులను గురించి ఒకే పేజీలో రాయగలిగిన తెలుగు రచనకు హెచ్-ఇండెక్స్ సున్నాయే కావచ్చు. ఒంగోలులో దానిని చదివేవారు ఉంటారు.