పురుగుమందుల లెక్క - కాగితం నుంచి కంప్యూటరుకు: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

పురుగుమందుల అమ్మకం, వాడకం వివరాలను కాగితపు రిజిస్టర్ల నుంచి ఎలక్ట్రానిక్ విధానానికి మార్చే ప్రయత్నం అనేక దేశాలలో సాగుతున్నది. వృత్తిరీత్యా మందులు వాడేవారి నమోదులు కంప్యూటరు చదవగల రూపంలో ఉండాలని ఐరోపా సమాఖ్య 2023లో నిబంధన చేసింది. వేగం, కచ్చితత్వం, పారదర్శకత ఈ మార్పు వల్ల చేకూరే ప్రయోజనాలని చెబుతారు. వాటిని కాదనలేము. అయితే కాగితం అడగని ప్రశ్నను కంప్యూటరు తనంతట తాను అడగదు. నమోదు సాధనం మారడం కన్నా నమోదయ్యే విషయం మారడం ముఖ్యమని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అమ్మకం లెక్క, వాడకం లెక్క

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1990 నుంచి వ్యవసాయంలో వాడిన ప్రతి పురుగుమందు వివరాన్నీ కౌంటీ వ్యవసాయ కమిషనరుకు నెలనెలా తెలపాలి. ఏ మందు, ఎంత, ఏ పంటపై, ఏ తేదీన, ఏ చదరపు మైలు పరిధిలో చల్లారన్నది అందులో ఉంటుంది. అంతకుముందు పరిమిత వాడకపు మందులకు ఇటువంటి నమోదు ఉండేది. 1974-1999 మధ్యకాలపు నమోదులను భూవినియోగ పటాలతో జతపరచిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. ఇంటికి 500 మీటర్లలోపు పారాక్వాట్, మానెబ్ రెండూ చల్లిన చోట నివసించినవారికి పార్కిన్సన్ వ్యాధి ముప్పు 75 శాతం అధికమని అది తేల్చింది. ఆ వివరాలు నింపిననాడు ఈ అధ్యయనం ఎవరి ఆలోచనలోనూ లేదు. స్థలం, కాలం నమోదై ఉండటం వల్లనే అది సాధ్యమైంది.

న్యూయార్క్ రాష్ట్రం 1996లో చేసిన చట్టం ఇందుకు భిన్నమైనది. రొమ్ము క్యాన్సరుపై లాంగ్ ఐలాండ్ మహిళల ఆందోళన దీనికి నేపథ్యం. వాణిజ్యపరంగా మందు చల్లేవారు ఏటా వాడకాన్ని నివేదించాలి. రైతుల విషయంలో మాత్రం వారికి అమ్మిన వ్యాపారి అమ్మకాన్ని నివేదిస్తాడు. కొన్న మందును రైతు ఏ రోజున, ఎంత మేర చల్లాడో అందులో తెలియదు. ఆ నివేదికను ఎంత వేగంగా కంప్యూటరుకెక్కించినా ఈ లోటు తీరదు.

భారతీయ చట్టం దృష్టి

మన చట్టం పుట్టుకలోనే ఈ సమస్యకు మూలం ఉంది. 1958లో కేరళలో పరాథియాన్ కలిసిన ఆహారం తిని వందమందికి పైగా మరణించారు. ఆ దుర్ఘటన అనంతర పరిణామాల ఫలితమే 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం, 1971 నాటి నియమావళి. రిజిస్ట్రేషన్, లైసెన్సు, నిల్వ, రవాణా, బిల్లు వంటి అంశాల ద్వారా ఈ చట్టం ప్రధానంగా సరకును గమనిస్తుంది. మందు చల్లేవారి రక్షణకు నియమాలున్నప్పటికీ, ఏ పొలంలో ఎంత చల్లారో తెలిపే నమోదును రైతు నుంచి కోరలేదు.

ఈ లోటు పర్యవసానం ప్రాణాలకు సంబంధించినది. ఆదిలాబాదు జిల్లాకు పొరుగున ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తిచేలలో మందు కొట్టిన రైతులు, కూలీలు ఇరవైమందికి పైగా చనిపోయారు. బిల్లులో కొన్నవారి పేరు ఉంటుంది, కొట్టిన కూలి పేరు ఉండదు. ఆర్గానోఫాస్ఫేటు విషానికి అట్రోపిన్ ఇస్తారు. పారాక్వాట్‌కు విరుగుడు లేదు. కనుక ఏ మందు సోకిందన్న సమాచారం వైద్యునికి అత్యవసరం.

తెలుగు రాష్ట్రాలకు అన్వయం

ఎరువుల అమ్మకంలో 2018 నాటికి దేశమంతటా ఈ-పాస్ యంత్రాలు వచ్చాయి. పురుగుమందులకూ అదే నమూనా చాలునని వాదించవచ్చు. కాని వేలిముద్ర కొన్నవారిని గుర్తిస్తుందే తప్ప చల్లిన చేనును చూపదు. కౌలు రైతు విషయంలో భూమి ఒకరి పేరున, సాగు మరొకరి చేతిలో ఉంటుంది. పైగా మన రైతు మందును ట్యాంకుకు ఇన్ని మూతలని కొలుస్తాడు. హెక్టారుకు ఎన్ని లీటర్లని ఫారం అడిగితే వచ్చే జవాబు అంచనాయే అవుతుంది. ఆ అంచనా కంప్యూటరులోకి చేరాక కచ్చితమైన అంకెగా చలామణి అవుతుంది. కాగితపు తప్పుకన్నా ఇది ప్రమాదకరం.

కాలిఫోర్నియా పద్ధతిని యథాతథంగా తెచ్చుకోవడమూ కుదరదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు మాత్రమే. ప్రతి చిన్న రైతునూ నెలనెలా నివేదిక ఇమ్మనడం అతనిపై మరో భారం మోపడమే. అయితే ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు ఇప్పటికే సర్వే నంబరు వారీగా పంటను గుర్తిస్తున్నది. అమ్మకపు బిల్లును దానితో అనుసంధానిస్తే ఏ మందు ఏ పంటకోసం, ఏ ఊరికి వెళ్లిందో కొంతవరకు తెలుస్తుంది.

ముగింపు

ఎలక్ట్రానిక్ విధానానికి ముందు ఫారాన్ని పునఃపరిశీలించాలి. పంట, ఊరు, తేదీ, చల్లినవారి పేరు అందులో చేరాలి. కొలతలు రైతు వాడుకలో ఉండాలి. సమాచారం గ్రామ ఆరోగ్య కేంద్రానికీ పరిశోధకులకూ అందాలి, రైతుపై కేసులకు ఆధారం కారాదు. ఇవి లేని కంప్యూటరీకరణ దుకాణపు నిల్వ పుస్తకానికి నకలుగానే మిగులుతుంది.