మట్టు కట్టినవాళ్ళు

ఇంగ్లీషు కీర్తనల పుస్తకం తెరిస్తే ఒక్కో పాటకి రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి మాటలు రాసినవారిది, రెండోది మట్టు కట్టినవారిది. ఆ మట్టుకి మళ్ళీ సొంత పేరొకటి: నైసియా, హాలింగ్‌సైడ్, అబెరిస్టువిత్. ఆ సంప్రదాయంలో మాట ఒకచోట పుడుతుంది, మట్టు మరోచోట పుడుతుంది. చాలాసార్లు ఎన్నో ఏళ్ళకి గాని రెండూ కలవవు. కలపడానికి ఒక కొలత ఉంది. పాదానికి ఎన్ని అక్షరాలు పలుకుతాయో లెక్కిస్తారు. 8, 6, 8, 6 అయితే దాన్ని కామన్ మీటర్ అంటారు. ఆ కొలతలో ఉన్న ఏ పాటనైనా ఆ కొలతకి కట్టిన ఏ మట్టులోనైనా పాడుకోవచ్చు. మన ఆటవెలది పద్యాన్ని నచ్చిన రాగంలో ఎత్తుకున్నట్టే.

వినడానికి సులువుగా ఉన్నా, మట్టు కట్టేవారికి ఇది కఠినమైన పని. పాడేది విద్వాంసుడు కాదు, ఆదివారం పూట గుడికొచ్చిన జనం. వాళ్ళలో ముసలివాళ్ళుంటారు, పిల్లలుంటారు, సరిగమలు ఎరగనివాళ్ళే ఎక్కువమంది ఉంటారు. అందుకని స్వరాలు దాదాపు ఒక స్థాయిలోనే ఇమడాలి. పాదం ముగిసేచోట ఊపిరి అందాలి. పల్లవి ఉండదు, సంగతులు వేసే వీలుండదు. మొదటి చరణంలో సంతోషం, నాలుగో చరణంలో మరణం ఉన్నా అదే మట్టు రెండింటినీ మోయాలి. పైగా కింద మరో మూడు గొంతులకు వేరు వేరు స్వరాలు రాయాలి. అన్నీ కలిసి మోగితే ఒకదానికొకటి బలమివ్వాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య పదహారు తాళఖండాల్లో కొత్తమాట చెప్పగలిగినవాళ్ళు నా దృష్టిలో గొప్ప వాగ్గేయకారులకు తీసిపోరు.

జనానికి అలవాటైన మట్టు జోలికి వెళ్ళడం ఎంత ప్రమాదమో జెనీవాలో లూయి బూర్జ్వా అనుభవించాడు. మత సంస్కర్త కాల్విన్ కాలంలో అక్కడి దావీదు కీర్తనలకు మట్టులు కూర్చిన సంగీతకారుడు ఆయన. అనుమతి లేకుండా కొన్ని పాత మట్టులు మార్చాడని 1551లో జైల్లో పెట్టారు. కాల్విన్ కలగజేసుకుంటే గాని వదల్లేదు. అదే ఏడు అచ్చయిన, ఆయనదిగా భావించే మట్టొకటి 'ఓల్డ్ హండ్రెడ్త్' అనే పేరుతో నేటికీ ప్రపంచమంతా మోగుతోంది.

ఈ విద్యలో నాకు మరీ ఇష్టమైనవాడు జాన్ బాకస్ డైక్స్. 1823లో ఇంగ్లండులోని హల్ రేవుపట్నంలో పుట్టాడు. పదేళ్ళకే తాతగారు పాదిరిగా ఉన్న గుడిలో ఆర్గన్ వాయించాడు. 1849 నుంచి డర్హం కథెడ్రల్‌లో గానం నడిపించే పాదిరి, 1862 నుంచి అదే ఊళ్ళో సెయింట్ ఓస్వాల్డ్ గుడికి పెద్ద పాదిరి (వికార్). మట్టులు కట్టడం ఆయన బతుకుతెరువు కాదు. పాదిరి పని చేసుకుంటూనే దాదాపు మూడు వందల మట్టులు కట్టాడు. 1861లో వెలువడిన 'హిమ్స్ ఏన్షెంట్ అండ్ మోడర్న్' సంకలనానికి అడక్కుండానే కొన్ని పంపితే, ఏడింటిని తీసుకున్నారు.

వాటిలో ఒకటి నైసియా. దాని మాటలు రెజినాల్డ్ హీబర్‌వి. ఆయన కలకత్తా బిషప్‌గా వచ్చి 1826లో తిరుచిరాపల్లిలో కన్నుమూశాడు. ఈ మట్టు ఆయన చెవిన పడలేదు. పాట తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే త్రిత్వాన్ని కొనియాడుతుంది, పరిశుద్ధుడు అనే మాటను మూడుసార్లు పలుకుతుంది. డైక్స్ ఆ మూడు మాటలకూ మూడు మెట్లు వేశాడు: స స, గ గ, ప ప. అంతే. పైన ధైవతం మీద కాసేపు నిలిచి మెల్లగా దిగుతుంది. త్రిత్వ సిద్ధాంతానికి పునాది వేసిన 325 నాటి నైసియా సభ పేరే మట్టుకి పెట్టాడు. వేదాంతులు పుస్తకాలు రాసిన విషయాన్ని ఆరు స్వరాల్లో జనం గొంతుకి అందించాడు. దీన్ని నేర్చుకోవడానికి ఒక్కసారి వింటే చాలు.

డైక్స్ చివరి ఏళ్ళు కష్టంగా గడిచాయి. ఆరాధనా క్రమం విషయంలో బిషప్‌తో తగవు వచ్చి, సహాయ పాదిరిని నియమించుకునే దారి మూసుకుపోయింది. కోర్టుకి వెళ్ళి ఓడిపోయాడు. ఒంటరిగా చాకిరీ చేసి ఆరోగ్యం చెడి, 1876లో 52 ఏళ్ళకే పోయాడు.

ఆయన మట్టుల్లో హాలింగ్‌సైడ్ ఒకటి. డర్హంలో తానున్న ఇంటి పేరది. తుపానులో చిక్కిన ఆత్మ యేసు రొమ్మున తలదాచుకోవాలని వేడుకునే చార్లెస్ వెస్లీ పాటకి కట్టాడు. స్వరాలు శంకరాభరణానివి. తుపాను ఉన్నా ఒడి దొరికిందనే నమ్మకం అందులో వినిపిస్తుంది. అదే పాటని పాడుకునే మరో మట్టు వేల్స్‌వాడైన జోసెఫ్ ప్యారీ కట్టిన అబెరిస్టువిత్. మైనర్ స్కేలు, మనకి కీరవాణి ఛాయ. ఇక్కడ ఒడి ఇంకా దూరంగానే ఉంది. పాడేవాడు అలల మధ్య నిలబడి కేక వేస్తున్నాడు. ప్యారీ 1841లో మెర్థర్ టిడ్‌ఫిల్‌లో పుట్టి, తొమ్మిదేళ్ళకే గనిలో దిగి, తర్వాత ఇనుప కార్ఖానాలో చేరి, 1854లో ఇంటివాళ్ళతో అమెరికా వెళ్ళినవాడు. జనం చందాలు వేసుకుని లండన్ రాయల్ అకాడమీలో చదివించారు. తర్వాత అబెరిస్టువిత్ కళాశాలలో ఆచార్యుడయ్యాడు. ఒకే పాటను ఈ రెండు మట్టుల్లో పాడి చూసినవారికి, మట్టు అంటే మాటలకు తొడుగు కాదనీ వాటికి వ్యాఖ్యానమనీ తెలిసిపోతుంది.

డైక్స్ మీద విమర్శ లేకపోలేదు. 1906లో 'ఇంగ్లిష్ హిమ్నల్'కి సంగీతం కూర్చిన వాన్ విలియమ్స్‌కి ఆ తరం మట్టులు మరీ మెత్తగా, తియ్యగా తోచాయి. కొన్నింటిని అనుబంధంలోకి నెట్టి, పల్లెల్లో సేకరించిన జానపద బాణీలను ముందుకు తెచ్చాడు. ఆ మాటలో కొంత నిజముంది. డైక్స్ మట్టులు కొన్నింట్లో పై గొంతు ఒకే స్వరం మీద కూర్చుంటే, అందమంతా కింది గొంతుల మార్పుల్లోనే ఉంటుంది. కింది గొంతులు తీసేస్తే మిగిలేది తక్కువ. నైసియాకి మాత్రం ఆ భయం లేదు. దాని తెలుగు అనువాదాన్ని మన గుళ్ళలో హార్మోనియం మీద, అందరూ ఒకే గొంతుగా పాడుతున్నారు. ఆల్టో, టెనర్, బేస్ లేకపోయినా మట్టు చెక్కుచెదరలేదు.

తెలుగులో దీనికి భిన్నమైన దారి అప్పటికే ఉంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) పల్లవీ చరణాలతో, రాగతాళాలతో కీర్తనలు రాశారు. అక్కడ ముందు పాడేవారికి స్వేచ్ఛ ఉంటుంది, జనం అందుకుంటారు. డైక్స్ దారిలో ముందు పాడేవారంటూ లేరు, జనమే గాయకుడు. ఈ రెండు అలవాట్లూ ఒకే ఆరాధనలో కలిసినచోట ఒక విచిత్రం జరుగుతుంది. నైసియా పాడేటప్పుడు షడ్జమం నుంచి గాంధారానికి మనవాళ్ళు ఎక్కే తీరులో ఒక చిన్న జారుడు వచ్చి చేరుతుంది. దాన్ని తప్పని దిద్దే క్వైర్ మాస్టార్లున్నారు. నేను వారితో ఏకీభవించను. స, గ, ప మూడూ తమ చోట నిలిచినంతసేపు ఆ జారుడు వల్ల డైక్స్ కట్టినదానికి ఏ లోటూ లేదు.